ప్రైమ్95: ఇంటి కంప్యూటర్‌లో ప్రధాన సంఖ్యల వేట

హైస్కూల్లో లెక్కలు చెప్తాను. 2024 అక్టోబరులో అప్పటిదాకా తెలిసినవాటిలో అన్నిటికన్నా పెద్ద ప్రధాన సంఖ్య దొరికిందని వార్త వచ్చినప్పుడు "అంత పెద్దదాన్ని ఎలా తేల్చారు మేడమ్?" అని తొమ్మిదో తరగతి పిల్లలు పట్టుకున్నారు. చెప్పేముందు నేనే చేసి చూడాలని మా పాత డెస్క్‌టాప్‌లో అలాంటి సంఖ్యలను వెతికే ప్రైమ్95 అనే సాఫ్ట్‌వేర్ వేసుకున్నాను.

ఆ సంఖ్యకు 4,10,24,320 అంకెలు. 2ను 13,62,79,841 ఘాతానికి హెచ్చించి 1 తీసేస్తే అది వస్తుంది. చివరి అంకె 1 అని మా పిల్లలు బోర్డు మీదే తేల్చేశారు. 2 ఘాతాల చివర్లు 2, 4, 8, 6గా తిరుగుతాయి కదా. ఘాతాంకాన్ని 4తో భాగిస్తే శేషం 1.

జార్జ్ వోల్ట్‌మన్ రాసిన సాఫ్ట్‌వేర్ ఇది, పూర్తిగా ఉచితం. 1996లో ఆయన మొదలుపెట్టిన గింప్స్ కోసం పనిచేస్తుంది. మెర్సెన్ ప్రధాన సంఖ్యలను, అంటే 2 ఘాతంలోంచి 1 తీసేస్తే వచ్చే ప్రధాన సంఖ్యలను, ఇంటర్నెట్ ద్వారా అందరూ కలిసి వెతికే ప్రాజెక్టు అది. సర్వరే మనకో ఘాతాంకం ఇస్తుంది, మన ప్రాసెసర్ లెక్క చేస్తుంది. అన్నీ ఇంగ్లీషులోనే ఉన్నా నొక్కాల్సినవి నాలుగైదే.

లోపల జరిగేది పిల్లలకు చూపించగలగడం నాకు బాగా నచ్చింది. లూకాస్–లెమర్ పరీక్షలో 4తో మొదలుపెట్టి, ప్రతిసారీ వర్గం చేసి 2 తీసేసి, పరీక్షిస్తున్న సంఖ్యతో భాగించి శేషం ఉంచుకోవాలి. 31కి 4, 14, 8, 0. సున్నా వచ్చింది, ప్రధాన సంఖ్యే. 127కి 4, 14, 67, 42, 111, 0. ఇప్పుడు కొత్త ఘాతాంకాలకు, ప్రధాన సంఖ్య అయ్యే అవకాశముందా అని తేల్చే ఫెర్మా తరహా పరీక్ష వాడుతున్నారు. మధ్యలో లెక్క తప్పితే పట్టుకునే గెర్బిట్స్ తనిఖీ దానికి తోడుంటుంది.

సాయంత్రాలు మాత్రమే నడిపితే నా మొదటి లెక్కకు రెండు నెలలు పట్టింది. వేసవిలో కరెంటు ఎన్నిసార్లు పోయినా, అప్పుడప్పుడు డిస్కులో దాచుకుంటుంది కాబట్టి దాదాపు ఆగినచోటి నుంచే అందుకుంది. చివరికి ప్రధాన సంఖ్య కాదని వచ్చింది, పక్కన పదహారు గుర్తుల శేషం. పిల్లల మొహాలు చిన్నబోయాయి. నాకు మాత్రం ఆ వరుస ఎంతో అపురూపం. 2024లో దొరికింది తెలిసిన మెర్సెన్ ప్రధాన సంఖ్యల్లో 52వది. మధ్యలో ఇంకోటి దాగి లేదని చెప్పాలంటే ఇలా ఒక్కొక్క ఘాతాంకాన్నీ ఎవరో ఒకరు కొట్టెయ్యాల్సిందే.

రికార్డు కోసమైతే ఇంటి కంప్యూటర్‌తో ఆశ తక్కువ. గింప్స్‌లో పాల్గొన్న లూక్ డ్యురాంట్ 2024 నాటి ఆ సంఖ్యను పట్టుకున్నది ఎన్నో దేశాల డేటా సెంటర్లలోని గ్రాఫిక్స్ ప్రాసెసర్లతో. గింప్స్‌లో అలా దొరికిన మొదటిది అదే.

లెక్కల మాస్టార్లందరూ ఒక్కసారైనా నడిపి చూడండి. ప్రాసెసర్‌ను పూర్తిగా వాడేస్తుంది కాబట్టి ముందు ఫ్యాన్‌లో దుమ్ము దులపండి. ల్యాప్‌టాప్‌లో అయితే కోర్‌ల సంఖ్య తగ్గించి పెట్టుకోండి.