అక్కా అని పిలిచి అమ్మిన పీఎంపీ కోర్సు: డబ్బు కట్టేముందు ఇది చదవండి

వరుసగా చెప్పే ఓపిక ఇప్పుడు నాకు లేదు. ఫోను పెట్టేసి మూడు గంటలయింది, చెవి ఇంకా మండుతూనే ఉంది. దూరవిద్యలో పీఎంపీకి (ప్రాజెక్టు మేనేజర్లకు పీఎంఐ అనే అమెరికా సంస్థ పరీక్ష పెట్టి ఇచ్చే ధ్రువపత్రం) చదువుదామనుకుంటున్నవాళ్లు, ముఖ్యంగా "35 గంటలు, పాస్ గ్యారంటీ, వడ్డీ లేని వాయిదాలు" అనే ఆ ప్రకటన మీద వేలు పెట్టబోతున్నవాళ్లు కాసేపు ఆగండి. సంస్థ పేరు రాయడం లేదు. రాయనక్కర్లేదు కూడా. కోటు తొడుక్కుని, చేతులు కట్టుకుని నవ్వే కుర్రాడి బొమ్మ మీ ఫోనులోనూ రోజుకు నాలుగుసార్లు కనబడుతూనే ఉంటుంది.

నా సంగతి క్లుప్తంగా. ఉద్యోగం విశాఖ దగ్గర పరవాడ ఫార్మా సిటీలో, ఒక మందుల కంపెనీలో ప్రాజెక్టు ఇంజినీర్‌ని. ఇల్లు గాజువాకలో. పీఎంపీకి డిగ్రీ ఉన్నవాళ్లయితే 36 నెలలు ప్రాజెక్టులు నడిపి ఉండాలంటారు, నాకు దానికి రెట్టింపే ఉంది. లేనిదల్లా దరఖాస్తులో చూపించాల్సిన 35 గంటల శిక్షణ. ప్లాంటు షట్‌డౌన్ పనులు పడితే మాకు ఆదివారం కూడా సోమవారమే. ఇక తరగతికి వెళ్లి కూర్చోవడం ఎక్కడ? అందుకే దూరవిద్య.

కౌన్సెలర్ మొదటి ఫోనులో రెండు నిమిషాలు "మేడమ్" అన్నాడు, మూడో నిమిషానికి "అక్కా" అయిపోయాను. మా బాబు ఎన్నో తరగతో, లెక్కల్లో ఎలా ఉన్నాడో కూడా కనుక్కున్నాడు. "అక్కా, 61 శాతం వస్తే పాస్" అన్నాడు. పీఎంఐ ఉత్తీర్ణత శాతం బయటపెట్టనే పెట్టదని నాకు తరువాత తెలిసింది. "అక్కా, పాస్ కాకపోతే ప్రతి రూపాయీ వాపసు" అన్నాడు. ఏడాదిలో ఇచ్చే మూడు అవకాశాలూ సొంత ఖర్చుతో రాసి, మూడూ తప్పి, అంతకుముందు వాళ్ల మాక్ టెస్టులన్నిటిలో 85 దాటి, ఒక్క తరగతి కూడా మానకుండా ఉంటేనే ఆ వాపసు. మాక్‌లన్నిటిలో 85 దాటినవాళ్లు అసలు పరీక్ష మూడుసార్లు ఎలా తప్పుతారో ఆ షరతు రాసిన మహానుభావుడికే తెలియాలి.

ఫీజు 27,500. జీఎస్టీ 4,950. మొత్తం 32,450. "ఒక్కసారి కట్టనక్కర్లేదక్కా, తొమ్మిది వాయిదాలు" అంటూ లింకు పంపాడు. ఓటీపీ చెప్పాను. అది వాయిదా కాదు, నా పేరు మీద ఒక రుణ సంస్థ ఇచ్చిన అప్పు అని మొదటి నెల బ్యాంకు సందేశం చూసేదాకా నాకు తెలియదు. సంస్థకు డబ్బంతా మొదటి రోజే ముట్టింది. నేను మాత్రం నెలకు 3,606 చొప్పున కడుతున్నాను, ఇంకా మూడు మిగిలాయి.

చెబితే సిగ్గుగా ఉంది. నా ఉద్యోగంలో సగం పని ఇదే. మూడు కొటేషన్లు లేకుండా నేను ఒక వాల్వు కొనను. ఏమేమి ఇస్తారో, ఏ రోజుకు ఇస్తారో, ఏ కాగితంతో ఇస్తారో రాయించుకోకుండా సరఫరాదారుకు అడ్వాన్సు విడుదల చేయను. పోయిన ఏడాది ఒక పంపుకు టెస్టు సర్టిఫికెట్ రాలేదని లారీని గేటు దగ్గరే రెండు రోజులు ఆపించాను. అలాంటి మనిషిని, అక్కా అనగానే ఓటీపీ చెప్పేశాను.

తరగతుల గురించి ఎక్కువ చెప్పను, చెబితే నవ్వొస్తుంది, నవ్వే స్థితిలో లేను. "ప్రత్యక్ష తరగతులు" అన్నారు. జూన్ నెలలో, రాత్రి తొమ్మిది గంటలకు, మాస్టారు తెర మీదికి వచ్చి అందరికీ దీపావళి శుభాకాంక్షలు చెప్పాడు. ఎవరూ అడగని ప్రశ్నకు "మంచి ప్రశ్న" అని జవాబిచ్చాడు. పాఠ్యపుస్తకంలో పరీక్ష అంటే 200 ప్రశ్నలు, నాలుగు గంటలు అని ఉంది. 2021 జనవరిలోనే అది 180 ప్రశ్నలు, 230 నిమిషాలు అయింది, అందులో సగమైనా ఎజైల్ (పనిని చిన్న ముక్కలుగా చేస్తూ, మార్చుకుంటూ పోయేది), హైబ్రిడ్ (దాన్నీ పాత పద్ధతినీ కలిపినది) పద్ధతుల మీదే ఉంటుంది. వీళ్ల పుస్తకంలో ఎజైల్‌కు దక్కినవి పదకొండు పేజీలు. ప్రతి పేజీ అడుగున పీఎంఐ గుర్తింపు పొందిన సంస్థ అని పాత ముద్ర ఒకటి. ఆ పాత పథకం 2020లోనే పోయి, దాని స్థానంలో ఆథరైజ్డ్ ట్రైనింగ్ పార్ట్‌నర్ (అధీకృత శిక్షణ సంస్థ) అనే కొత్త ఏర్పాటు వచ్చింది. ఆ జాబితా పీఎంఐ సైటులో ఎవరైనా వెతుక్కోవచ్చు. నేను వెతికింది నిన్న రాత్రి.

ఇవన్నీ భరించాను. చదువు నేను సొంతంగా చదువుకోగలను, నాకు కావాల్సింది ఆ 35 గంటల కాగితం కదా అనుకున్నాను. కోర్సు ముగిశాక వచ్చిన కాగితం మీద నా ఇంటిపేరు తప్పు. గంటలు ఎన్నో లేదు. తేదీలు లేవు. "పాల్గొన్నారు" అని మాత్రం బంగారు రంగు అక్షరాల్లో ఉంది. కోర్సు చివర ఉండాల్సిన పరీక్ష లింకు నొక్కితే "త్వరలో" అని వచ్చేది. మూడు మెయిళ్లు పెట్టాను. మూడోదానికి ఫోను వచ్చింది: "అక్కా, మీరు దరఖాస్తు పెట్టేయండి. ఆడిట్ లక్షలో ఒకరికి వస్తుంది. వస్తే మేం లేమా?"

పెట్టేశాను. ఆ లక్షలో ఒకరిని నేనే.

ఆడిట్ అంటే తెలియనివాళ్లకు: పీఎంఐ కొన్ని దరఖాస్తులను యాదృచ్ఛికంగా తీసి, రాసినవాటికి రుజువులు అడుగుతుంది. డిగ్రీ నకలు, అనుభవానికి పైఅధికారుల ధ్రువీకరణ, శిక్షణ సర్టిఫికెట్ నకలు. గడువు 90 రోజులు. అది తేలేదాకా పరీక్ష తేదీ తీసుకోలేము. తేలకపోతే మళ్లీ దరఖాస్తు పెట్టడానికి ఏడాది ఆగాలి. ఆ మెయిలు వచ్చాక గానీ నేను పీఎంఐ నియమావళి తెరవలేదు. అందులో నల్లటి అక్షరాల్లో ఉంది: దూరవిద్య సంస్థల కోర్సు లెక్కలోకి రావాలంటే కోర్సు చివర మదింపు పరీక్ష ఉండాలి. పుస్తకాలు చదువుకోవడం, వీడియోలు చూసుకోవడం లాంటి సొంత చదువు లెక్కలోకి రాదు. అంటే దీపావళి మాస్టారి వీడియోలకు, నాకు చూపించని ఆ పరీక్షకు మధ్య తేడా ఎంతంటే 32,450 రూపాయలంత.

ఇక ఈ రోజు ఉదయం సంగతి. మా ప్లాంటు లోపలికి ఫోను తీసుకెళ్లనివ్వరు. పర్మిషన్ తీసుకుని గేటు బయటికి వచ్చి, హెల్మెట్ చంకలో పెట్టుకుని, సెక్యూరిటీ గది నీడలో నిలబడి ఆ కౌన్సెలర్‌కు ఫోను చేశాను. అదే గొంతు.

"చెప్పండి మేడమ్."

నేను పేరు చెప్పాను. గుర్తుపట్టాడు. అయినా మేడమే.

ఆడిట్ వచ్చిందన్నాను. గంటలు, తేదీలు, చివరి పరీక్ష వివరాలతో సర్టిఫికెట్ కావాలన్నాను.

"మీ లాగిన్ గడువు పోయిన నెలతో అయిపోయింది మేడమ్. సిస్టంలో మీ రికార్డు కనబడదు."

"చివరి పరీక్ష మీరే తెరవలేదు. మూడు మెయిళ్లు పెట్టాను."

"అది ఆడిట్ సపోర్ట్ ప్యాకేజీలో వస్తుంది మేడమ్. 6,500, జీఎస్టీ అదనం. కడితే రెండు రోజుల్లో తేదీలు, మార్కులు వేసి ఇచ్చేస్తాం."

నాకు ఒక్క క్షణం అర్థం కాలేదు. "నేను రాయని పరీక్షకు మార్కులెలా వేస్తారు?" అన్నాను.

"అందరికీ అలాగే ఇస్తాం మేడమ్. ఎన్ని కావాలో చెప్పండి."

కూరగాయల బండి దగ్గర కూడా "ఎన్ని కావాలో చెప్పండి" అనేముందు తక్కెడ చూపిస్తారు. వీళ్ల కోర్సు మొదటి పాఠం ఏమిటో గుర్తుందా అని అడగాలనిపించింది. పీఎంఐ నీతి నియమావళి: బాధ్యత, గౌరవం, న్యాయం, నిజాయతీ. ఆ పాఠం మాత్రం చక్కగా చెప్పారు, దీపావళి శుభాకాంక్షలకు ముందు.

దొంగ మార్కులు వద్దు, పరీక్ష తెరవండి, నేనే రాస్తాను, లేదంటే డబ్బు వాపసు ఇవ్వండి అన్నాను. "ఒక్క నిమిషం మేడమ్" అన్నాడు. హోల్డ్‌లో పెట్టాననుకున్నాడు. పెట్టలేదు. ఫోను బల్ల మీద పెట్టిన చప్పుడు వినబడింది. తరువాత పక్కన ఎవరితోనో, "ఇంకో ఆడిట్ కేసు. సంతకం పెట్టేటప్పుడు చదవరు, తరువాత మన ప్రాణం తీస్తారు" అన్నాడు. ఎవరో నవ్వారు. అక్కడితో అయిపోయినా ఇంత బాధ లేదు. ఈలోగా అతని దగ్గర ఇంకో ఫోను మోగింది. ఎత్తాడు.

"అక్కా, చెప్పండక్కా! బాబుకు జ్వరం తగ్గిందా?"

అదే గొంతు, అదే తీపి. ఎవరో తెలియదు, నాలాంటి ఇంకొకావిడ. ఆవిడ బాబుకు జ్వరం. గట్టిగా అరిచాను, "అమ్మా, కట్టకండి!" అని. ఆవిడకు వినబడే అవకాశం లేదని నాకూ తెలుసు. సెక్యూరిటీ అప్పలనాయుడు గారు పరుగున వచ్చి ఏమైంది తల్లీ అన్నారు. ఏమని చెప్పను?

కౌన్సెలర్ తిరిగి నా ఫోను ఎత్తి, "షరతుల్లో ఉంది మేడమ్, లాగిన్ గడువు దాటాక వాపసు లేదు. మీకు ఇంగ్లీషు ఇబ్బందైతే ఎవరితోనైనా చదివించుకోవాల్సింది" అన్నాడు. నెలకు నాలుగు వందల పేజీల ఇంగ్లీషు స్పెసిఫికేషన్లు చదివి సంతకాలు పెట్టే మనిషితో. అయితే అతనన్నదాంట్లో ఒక ముక్క నిజమే: నేను చదవలేదు. ఆ నిజమే ఎక్కువ మండుతోంది. ఏరు దాటాక తెప్ప తగలేసేవాళ్ల గురించి విన్నాం గానీ, వీళ్లు నడి ఏట్లోనే అంటించారు, పైగా నిప్పెట్టెకు జీఎస్టీ అదనం.

అన్నిటికంటే పెద్ద వెక్కిరింత ఆ తరువాత తగిలింది. ఆడిట్‌కు అనుభవ పత్రాలు కావాలని హెచ్‌ఆర్ విభాగంలో నా ఫైలు తీయించాను. అందులో ఒక కాగితం ఉంది. నాలుగేళ్ల కిందట కంపెనీయే బయటి సంస్థను పిలిపించి మాకు నాలుగు రోజులు ప్రాజెక్టు మేనేజ్‌మెంట్ శిక్షణ ఇప్పించింది. రోజుకు ఎనిమిది గంటలు, చివర పరీక్ష, సంతకం, ముద్ర, తేదీలు, అన్నీ ఉన్నాయి. 32 గంటలు. సంస్థలు తమ ఉద్యోగులకు ఇప్పించే శిక్షణ కూడా పీఎంఐ లెక్కలో చెల్లుతుంది, ఎప్పుడు చేశారన్నదానికి గడువు లేదు. నాకు నిజంగా తక్కువైనవి మూడు గంటలు. మూడు గంటలకు 32,450 కట్టాను. గంటకు పదివేల పైమాటే. మా ఎండీ గారికి కూడా అంత గిట్టదు.

ఆ 32 గంటలు దరఖాస్తులో రాయలేదు కాబట్టి ఇప్పుడు ఆడిట్‌లో అవి పనికొస్తాయో లేదో పీఎంఐకి రాసి అడిగాను. జవాబు రావాలి. 6,500 మాత్రం కట్టను. మార్కులు కొనుక్కుని పీఎంపీ అని పేరు పక్కన రాసుకోవడం కన్నా ఏడాది ఆగడం నయం.

మీకు చెప్పేది కొంచెమే. కట్టకముందే సర్టిఫికెట్ నమూనా మెయిల్లో తెప్పించుకోండి. దాని మీద గంటలు, తేదీలు, చివరి పరీక్ష ప్రస్తావన లేకపోతే బేరం అక్కడే వదిలేయండి. అధీకృత సంస్థే అయి తీరాలని లేదు, మామూలు శిక్షణ సంస్థల కోర్సులూ చెల్లుతాయి, కాగితం సరిగ్గా ఉంటే. ముందు మీ ఆఫీసు ఫైలు వెతకండి, నాలాగా చివర కాదు. వాయిదాలంటే అది అప్పేనా అని అడగండి. రుణ యాప్‌ల అప్పుల్లో మనసు మార్చుకుని, తీసుకున్న అసలూ ఆ కొద్ది రోజుల వడ్డీ, ఖర్చులూ కట్టేసి బయటపడే కొద్దిపాటి గడువు ఉండాలని రిజర్వు బ్యాంకు 2022లోనే నిబంధన పెట్టింది. అది రోజుల్లోనే అయిపోతుంది, కాబట్టి పత్రం వచ్చిన రోజే చూసుకోండి. మోసపోయినవాళ్లు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోను చేసి ఫిర్యాదు నమోదు చేయించండి, నేను మధ్యాహ్నమే చేయించాను, నంబరు ఇచ్చారు. మనం ఉండే జిల్లాలోని వినియోగదారుల కమిషన్‌లోనే కేసు వేయవచ్చు, కట్టిన మొత్తం అయిదు లక్షల లోపైతే ఫీజు లేదు. ఫోన్లలో చెప్పిన మాటలకు విలువ లేదు, ప్రతిదానికీ మెయిలు పెట్టండి. నా దగ్గర ఉన్న బలమల్లా ఆ మూడు మెయిళ్లే.

నాకు ఇంకా 74 రోజులు గడువుంది. దరఖాస్తులో చూపించిన కోర్సు చెల్లకపోయినా వేరే శిక్షణ కాగితం చూపించి ఆడిట్ దాటినవాళ్లు ఎవరైనా ఉంటే దయచేసి ఎలా చేశారో రాయండి. బాబుకు జ్వరమున్న ఆ అమ్మ ఇది చదువుతుంటే, మీరు కట్టారో లేదో అదీ చెప్పండి.