వహాకా సోకలో దగ్గర తినాలా, పక్క వీధికి పోవాలా

మెక్సికోలో ఏ పాత ఊరికెళ్ళినా నడిమధ్యలో ఒక స్క్వేర్ ఉంటుంది, ఒక పక్క పెద్ద చర్చి, ఇంకో పక్క గవర్నమెంట్ బిల్డింగ్, మిగతా వైపులా ఆర్చీల వరండాలు, వాటి కింద వరసగా హోటళ్ళు. దక్షిణ మెక్సికోలో ఉన్న వహాకా ఊళ్ళో ఆ స్క్వేర్‌ని సోకలో అంటారు. ఆ వరండా టేబుళ్ళ గురించి ఎవర్ని అడిగినా రెండే రకాల జవాబులు, వట్టి టూరిస్ట్ ట్రాప్ అని కొందరు, అక్కడ కూర్చోకపోతే వహాకా చూడనట్టే అని కొందరు. నాకైతే రెండూ నిజమే అనిపించింది, ఏ పూట కూర్చున్నారు, ఏం ఆర్డర్ చేశారు అన్నదాన్ని బట్టి.

మేం హ్యూస్టన్ నుంచి వెళ్ళాం, నాన్‌స్టాప్ ఫ్లైట్ ఉంది. అత్తయ్యగారు గుంటూరు నుంచి వచ్చి మా దగ్గరే ఉన్నారు కాబట్టి ఆవిడని కూడా తీసుకెళ్ళాం, ఇండియన్ పాస్‌పోర్ట్ మీద వాలిడ్ అమెరికా వీసా ఉంటే టూరిస్టుగా మెక్సికోకి వేరే వీసా అక్కర్లేదు. ఆవిడ పక్కా శాకాహారి, గుడ్డు కూడా ముట్టరు. ఈ కథంతా అక్కడే మొదలు.

ఆదివారం సాయంత్రం వెళ్తే ఖాళీ టేబుల్ కోసం చాలాసేపు నిలబడాలి. సందడి మాత్రం మామూలుగా ఉండదు, ఒక మూల మరింబా అనే చెక్క పలకల వాయిద్యం వాయించేవాళ్ళు, పిల్లల వెనక బెలూన్ల వాళ్ళు, శాలువాలు చెక్క దువ్వెనలు పట్టుకుని టేబుల్ టేబుల్‌కీ వచ్చేవాళ్ళు. వద్దంటే గొడవ చెయ్యరు, నవ్వి పక్క టేబుల్‌కి పోతారు, కానీ ముద్ద నోట్లో పెట్టుకునేలోపు ఇంకొకరు. స్క్వేర్‌లో ఉన్న పెద్ద పెద్ద చెట్లని అక్కడ ఇండియా లారెల్ అంటారు, మన మర్రి, జువ్వి కుటుంబమే. అత్తయ్యగారికి ఆ సంగతి చెప్పాక ఆవిడకి ఊరు కాస్త దగ్గరైపోయింది.

తిండి సంగతికొస్తే, మా ఆయన మోలె నెగ్రో విత్ చికెన్ చెప్పారు, మోలె అంటే మిరపలు, గింజలు నూరి చేసే చిక్కటి గ్రేవీ, నెగ్రో అంటే నలుపు. వహాకాకి ఏడు రకాల మోలెలు అని పేరు, అందులో నల్లది రాజు. చిల్వాక్లే అని అక్కడ పండే ఎండు మిరపని దాదాపు మాడేదాకా వేయించి, నువ్వులు, పల్లీలు, బాదం, అరటికాయ, మాడ్చిన టోర్టియా అనే మొక్కజొన్న రొట్టె, చివర్లో చాక్లెట్ వేసి గంటల తరబడి చేస్తారు. నువ్వులు పల్లీలు వేయించి నూరే మసాలా మనకేం కొత్త కాదు కాబట్టి బాగుందో లేదో మన నాలుకకి వెంటనే తెలిసిపోతుంది. స్క్వేర్‌లో పెట్టింది మరీ తియ్యగా, గోరువెచ్చగా, చికెన్ ఎండిపోయి ఉంది. దాదాపు మూడొందల పెసోలు, ఒక పెసో మన ఐదు రూపాయల దగ్గర వేసుకోండి. మర్నాడు మార్కెట్‌లో బెంచీ మీద కూర్చుని అందులో సగం కూడా ఇవ్వకుండా తిన్న మోలె ముందు ఇది ఎందుకూ పనికిరాదు.

శాకాహారులు జాగ్రత్తగా చదవండి. మెనూలో చీజ్ త్లాయుడా అని ఉంటే మీట్ లేదు కదా అనుకుంటాం. అడుగు పైన వెడల్పుండే కరకరలాడే టోర్టియా, పైన ఎనిపిన నల్ల బీన్స్, నూలు ఉండలా చుట్టి అమ్మే కెసియో చీజ్, క్యాబేజీ. కానీ అన్నిటికంటే అడుగున ఆసియెంతో అని ఒక పూత రాస్తారు, అది పంది కొవ్వు. బీన్స్‌లో కూడా చాలాచోట్ల అదే కొవ్వు, అన్నం కోడి రసంలో వండుతారు. మాంసం వద్దు అంటే సరిపోదు, ఆసియెంతో వద్దు, మాంతేకా (వంటకి వాడే పంది కొవ్వు) వద్దు, చికెన్ కూడా వద్దు అని విడివిడిగా చెప్పాలి. ఈ విషయంలో మాత్రం స్క్వేర్ హోటల్‌కే నా ఓటు, వెయిటర్ ఓపిగ్గా లోపలికెళ్ళి కనుక్కొచ్చి బీన్స్ తీసేసి అవకాడో వేసి కొత్తది చేయించాడు, అదే తోపులాటగా ఉండే మార్కెట్ స్టాల్‌లో అంత వివరంగా అడిగే తీరిక ఎవరికీ ఉండదు. తాగడానికి అగ్వా దె హమైకా చెప్పాం, ఎర్రగా పుల్లగా ఉంటుంది. అత్తయ్యగారు ఒక గుక్క తాగి "ఇది మన గోంగూర పులుపే కదమ్మా" అన్నారు. నిజమే, ఎర్ర గోంగూర జాతి మొక్క పూల కింద ఉండే ఎర్రటి రేకులతోనే చేస్తారు. ఆవిడ ఇంకో గ్లాసు తెప్పించుకున్నారు.

బిల్లు దగ్గర ఓపిక కావాలి. మీరు అడిగేదాకా బిల్లు తేరు, అది అక్కడి మర్యాద, కస్టమర్‌ని లేవగొట్టినట్టు ఉండకూడదని. లా క్వెంతా పోర్ ఫవోర్ అన్నాక కూడా ఇరవై నిమిషాలు కూర్చున్నాం. వచ్చిన బిల్లులో సర్వీస్ అని 15 శాతం అప్పటికే కలిపేశారు, మళ్ళీ కార్డ్ మెషిన్‌లో టిప్ ఎంత అని అడిగారు. టిప్ మెక్సికోలో మన ఇష్టం, 10 నుంచి 15 శాతం అలవాటు, కాబట్టి బిల్లు మొత్తం ఒకసారి చదివి అప్పుడే కార్డ్ ఇవ్వండి. పన్ను 16 శాతం మెనూ రేటులోనే ఉంటుంది, పైన వెయ్యకూడదు. మెషిన్ డాలర్లా పెసోలా అని అడిగితే పెసోలే నొక్కండి, డాలర్ రేటు వాళ్ళకి లాభంగా ఉంటుంది.

నాన్‌వెజ్ తినేవాళ్ళు మధ్యాహ్నం స్క్వేర్‌లో కూర్చోవద్దు, నడిచి వెళ్ళేంత దగ్గర్లో ఉన్న వెయింతె దె నొవియెంబ్రె మార్కెట్‌కి వెళ్ళండి. అందులో పొగ సందు అని ఒకటుంది, రెండు పక్కలా బొగ్గుల పొయ్యిలు, పైన మాంసం పల్చటి దుప్పట్లలా వేలాడుతుంటుంది. మనం చూపించిన ముక్క తూకం వేసి అక్కడే కాల్చి ఇస్తారు, ఉల్లికాడలు, మిరపకాయలు కూడా పక్కనే కాలుస్తారు. టోర్టియాలు, సల్సా వేరేవాళ్ళు తెస్తారు, వాళ్ళ డబ్బు వాళ్ళకే. పొగకి కళ్ళు మండుతాయి, బట్టలు ఆ రోజుకి ఇంకెక్కడికీ పనికిరావు, అయినా సరే. దాని పక్కనే బెనితో హువారెస్ మార్కెట్‌లో తెహాతె తాగండి, మొక్కజొన్న, కోకో, మామే అనే పండు గింజ నూరి పెద్ద మట్టి బేసిన్‌లో ఒకావిడ మోచేతి దాకా చెయ్యి పెట్టి కలుపుతుంటే పైన తెల్లటి నురగ కడుతుంది, అది రంగులేసిన కాయ చిప్పలో పోసిస్తారు. మా ఆయన మిడతల వేపుడు కూడా లాగించేశారు, వెల్లుల్లి నిమ్మకాయ వేసి చేస్తారట, నేను చూడ్డంతో సరిపెట్టుకున్నా.

స్టే మాత్రం స్క్వేర్ మీదకే కిటికీ ఉండే రూమ్ తీసుకోకండి. చర్చి గంటలు, బ్యాండ్లు, తారాజువ్వలు, ఏ అర్ధరాత్రి దాకానో చెప్పలేం. మేం హలత్లాకో అనే పేటలో ఉన్నాం, రాళ్ళ వీధులు, రంగుల గోడలు, తూర్పున కాస్త నడక, కానీ రాత్రి నిద్ర పట్టింది.

స్క్వేర్‌లో కూర్చోవాల్సిన టైమ్ నా లెక్కలో పొద్దున్న తొమ్మిది లోపు. టేబుళ్ళన్నీ ఖాళీ, అమ్మేవాళ్ళింకా రారు, వెయిటర్లకి తీరిక. పాలతో కాకుండా నీళ్ళతో చేసిన చాక్లెట్ అడగండి, చెక్క కవ్వంతో గిలక్కొట్టి నురగతో తెస్తారు, పక్కన ముంచుకోడానికి పాన్ దె యెమా అనే బ్రెడ్, అందులో గుడ్డు ఉంటుంది కాబట్టి అత్తయ్యగారు ఉత్త చాక్లెట్‌తో ఆగారు. ఒక చాక్లెట్ రేటుకి అంతసేపు అక్కడ కూర్చోనిస్తే నాకు ఏ ఫిర్యాదూ లేదు. మే, జూన్‌లలో వెళ్ళేవాళ్ళు మాత్రం ముందు కనుక్కోండి, చాలా సంవత్సరాల్లో ఆ నెలల్లో టీచర్ల యూనియన్ స్క్వేర్‌లోనే టెంట్లు వేసి ధర్నా చేస్తుంది. డిసెంబర్ 23 అయితే ముల్లంగి దుంపలు చెక్కిన బొమ్మల పోటీ ఉంటుంది, 1897 నుంచి జరుగుతోంది, ఆ రోజు టేబుల్ దొరుకుతుందన్న ఆశ పెట్టుకోకుండా ముందే తినేసి వెళ్ళండి.