నల్లుల మందు: స్ప్రే, పొడి, ఆవిరి – విశాఖ ఇళ్లకు ఏది మేలు?

నల్లులను వదిలించుకోవడానికి దొరికే వాటిలో దేన్ని ఎంచుకోవాలన్నా, అది గుడ్లను ఏం చేస్తుందన్నది ముందుగా చూడాలి. ఆడ నల్లి దాదాపు ఒక మిల్లీమీటరు పొడవుండే తెల్లని గుడ్లను మంచం కీళ్లలోనూ పరుపు కుట్ల మడతల్లోనూ జిగురుతో అంటించి పెడుతుంది. అవి సాధారణంగా 6 నుంచి 10 రోజుల్లో పొదుగుతాయి. ఇళ్లలో వాడే మందుల్లో చాలావరకు తిరిగే నల్లులను చంపుతాయే గాని గుడ్ల మీద అంతగా పనిచేయవు. కాబట్టి మందు కొట్టిన వారం పాటు హాయిగా నిద్రపట్టిన ఇంట్లోనే, రెండు వారాలు తిరగకముందే మళ్లీ ఒంటి మీద దద్దుర్లు కనిపిస్తాయి.

కిరాణా కొట్టులో దొరికే స్ప్రే డబ్బా చవక, చేతికి సులువు. నేరుగా తగిలిన నల్లి చాలావరకు చస్తుంది. అయితే ఈ డబ్బాల్లో ఎక్కువ భాగం పైరెత్రాయిడ్ జాతి మందులే. డీడీటీ కీటకాల నరాల మీద ఎక్కడ దెబ్బ తీస్తుందో ఇవీ అక్కడే దెబ్బ తీస్తాయి. 1947 నాటికే హవాయిలో డీడీటీకి లొంగని నల్లులు బయటపడ్డాయి. మన దేశంలోనూ మలేరియా నిర్మూలనకు ఇళ్లలో దశాబ్దాల పాటు డీడీటీ చల్లారు. డీడీటీని తట్టుకున్న నల్లులు పైరెత్రాయిడ్లనూ తట్టుకోవడంలో ఆశ్చర్యం లేదు. గది మూసి పొగలా వదిలే డబ్బాల పరిస్థితి ఇంకా అన్యాయం. ఆ తుంపరలు నేల మీద, దుప్పటి మీద పడతాయే తప్ప నల్లి దాక్కున్న సందులోకి చేరవు.

నీళ్లలో కలిపి పిచికారీ చేసే డెల్టామెత్రిన్ వంటి మందులు ఇంతకంటే మెరుగు, ఎందుకంటే ఆరిన తర్వాత కూడా ఆ చోట కొన్ని వారాలు ప్రభావం నిలుస్తుంది, గుడ్డు పగిలి బయటికొచ్చిన పిల్ల దాని మీదుగా నడిచినప్పుడు చచ్చే అవకాశం ఉంటుంది. కొనేటప్పుడు లేబుల్ మీద నల్లుల పేరు ఉందో లేదో, సీఐబీ (కేంద్ర పురుగుమందుల బోర్డు) రిజిస్ట్రేషన్ నంబరు, గడువు తేదీ ఉన్నాయో లేదో చూడాలి. అక్కడ రాసిన మోతాదును మించి కలిపితే నల్లులు ఎక్కువ చావవు, ఇంట్లోవాళ్లకే చేటు. దీన్ని మంచం కోళ్లకు, చట్రం సందులకు, గోడ మూలలకు కొట్టాలి గాని, ఒళ్లు ఆనించి పడుకునే పరుపును తడపకూడదు.

ఇక పొడులు. డయాటమేషియస్ ఎర్త్ అనే మెత్తని మట్టి పొడి నల్లి ఒంటి మీది మైనపు పొరను పీల్చేస్తుంది, దాంతో ఒంట్లోని నీరు ఆరిపోయి నల్లి చస్తుంది. విషానికి అలవాటు పడినట్టు దీనికి నల్లులు అలవాటు పడడం కష్టం. ఈ పొడికి నాకు అభ్యంతరం లేదు గాని, విశాఖలో దీని మీద ఎక్కువ ఆశ పెట్టుకోవద్దని మాత్రం గట్టిగా చెబుతాను. గాలిలో తేమ పెరిగేకొద్దీ ఇది మందగిస్తుంది, మన తీరంలో ఏడాదిలో చాలా నెలలు గోడలే చెమర్చుతుంటాయి. సిలికా జెల్ పొడి దీనికన్నా వేగంగా పనిచేస్తుంది, దొరికితే అదే మేలు. రెండింటినీ కంటికి ఆనీ ఆననంత పలుచగా సందుల్లో చల్లాలి, కుప్పగా పోస్తే నల్లులు పక్క నుంచి తప్పుకుపోతాయి. ముక్కుకు గుడ్డ కట్టుకోవాలి, ఫ్యాను ఆపాలి. బొద్దింకలకు వాడే బోరిక్ పౌడర్ మాత్రం ఇక్కడ దండగ. అది కడుపులోకి వెళితేనే పనిచేస్తుంది, నల్లి నెత్తురు తప్ప వేరే ఏదీ ముట్టదు.

గుడ్డునూ నల్లినీ ఒక్కసారే చంపేది వేడి. వాకిట్లో నులక మంచాన్ని నిలబెట్టి సలసల కాగే నీళ్లు పోసిన మన పెద్దల పద్ధతి అక్షరాలా సరైనదే, ఇనుప మంచానికి ఇప్పటికీ అంతకు మించిన మందు లేదు. పరుపుకు, చెక్క మంచానికి, సోఫాకు ఆ పని ఆవిరి యంత్రం చేస్తుంది. ఆవిరి తగిలిన చోట ఉపరితలం 70 డిగ్రీలకు తక్కువ కాకుండా వేడెక్కాలి, కాబట్టి గొట్టాన్ని కుట్టుకు దాదాపు ఆనించి, వేలెడు దూరం దాటడానికి మూడు నాలుగు సెకన్లు పట్టేంత నెమ్మదిగా జరపాలి. ఆవిరి జోరుగా వస్తే నల్లులు చావకుండా ఎగిరి పక్కన పడతాయి. గొట్టం మూతికి ఒక పాత నూలుగుడ్డ చుడితే ఆ ఇబ్బంది ఉండదు. పరుపు అంచు కుట్టును రెండు బొటనవేళ్లతో విప్పదీసి చూస్తే, సిరా చుక్కల్లాంటి నల్లని మరకలు, రాలిన పొట్టు, తెల్లని గుడ్లు ఒకే మడతలో కనిపిస్తాయి. తడిగుడ్డతో తుడిచినప్పుడు ఆ మరక ఎర్రమట్టి రంగులో పాకిందంటే అనుమానం అక్కర్లేదు. ఆవిరికి ఉన్న లోపాలు రెండు: ప్రభావం ఆ క్షణానికే పరిమితం, స్విచ్ బోర్డుల దగ్గర అసలు వాడకూడదు. పరుపును ఫ్యాను కింద పూర్తిగా ఆరబెట్టకపోతే మన తేమకు బూజు కూడా పడుతుంది.

మేడ మీద ఎండలో వేస్తే చాలదా అని చాలామంది అడుగుతారు. సముద్రపు గాలి ఆడే ఊళ్లో మందపాటి పరుపు లోపలిదాకా ఆ వేడి చేరదు, పైన కాలితే నల్లులు అడుగుకు దిగుతాయి. దుప్పట్లు, దిండు గలేబుల సంగతి వేరు, వాటిని 60 డిగ్రీల నీళ్లలో అరగంట ఉతికితే సరిపోతుంది.

ధర ఎంత తక్కువైనా ఇంట్లోకి రానివ్వకూడనివి ఉన్నాయి. ధాన్యం నిల్వకు వాడే అల్యూమినియం ఫాస్ఫైడ్ మాత్రలను కొందరు మంచం కింద పెడతారు. తేమ తగలగానే వాటి నుంచి వెలువడే ఫాస్ఫీన్ వాయువుకు విరుగుడు లేదు, అపార్టుమెంటులో అది పక్కింటి పసిపిల్లలనూ వదలదు. డైక్లోరోవాస్ అనే పురుగుమందు వాడకాన్ని కేంద్రం 2020 డిసెంబరు 31 నుంచి నిషేధించింది, పాత సీసా అటకెక్కి ఉంటే దాన్ని బయటికి తీసి వాడొద్దు. కిరోసిన్ పూయడం అంటే మంచానికి నిప్పు సిద్ధం చేసుకోవడమే.

నా ఎంపిక ఇది: ఒకటి రెండు గదులకే పరిమితమైతే ముందు ఆవిరి, ఆరాక సందుల్లో డెల్టామెత్రిన్ లేదా సిలికా పొడి, పరుపుకు జిప్పుతో పూర్తిగా మూసుకునే తొడుగు. మద్దిలపాలెం, ఎంవీపీ కాలనీ వంటి చోట్ల గోడకు గోడ ఆనుకున్న హాస్టళ్లకు, వాటాల ఇళ్లకు మాత్రం పెస్ట్ కంట్రోల్ వారిని పిలవడమే మేలు, అదీ పక్క గదులతో కలిపి ఒకే రోజున. మాట్లాడుకునేటప్పుడే ఏ మందు వాడతారో కాగితం మీద రాయించుకోండి. గుడ్లు పొదిగే గడువు దాటాక, అంటే 10 నుంచి 14 రోజుల మధ్య, రెండోసారి రావడం అదే ధరలో ఉందో లేదో అడగండి. ఒక్కసారి కొట్టి వెళ్లిపోతామనే వారికి, ఎంత తక్కువ చెప్పినా, పని అప్పగించవద్దు.