కొండ మీద కుక్కకి ఏది మేలు: సాగే లీషా, పొడుగు తాడా, చిన్న లీషా, అసలు తాడే లేకుండానా?

మొన్న లీడ్స్‌లో ఉండే తమ్ముడు ఒకడు ఫోన్ చేశాడు, సొంత తమ్ముడు కాదులెండి, పాత ఆఫీసులో నా పక్క సీటు. "అన్నా, కుక్కపిల్లని తెచ్చుకున్నాం, వచ్చే వారం కొండలకి తీసుకెళ్దామనుకుంటున్నాం, ఏ లీష్ కొనమంటావ్, ఆ బటన్ నొక్కితే ఆగేది బాగుంటదా" అన్నాడు. రెండు ముక్కల్లో చెప్పి పెట్టేద్దామనుకున్నా, గంట పట్టింది. అప్పుడు వాడికి చెప్పిందే ఇక్కడ రాస్తున్నా, కొంచెం కోపం తగ్గించి.

మేం ఉండేది మాంచెస్టర్. ట్రైన్ ఎక్కితే ముప్పావుగంటలో ఈడేల్‌లో దిగొచ్చు, దిగితే ఎదురుగా కిండర్ స్కౌట్, 636 మీటర్ల కొండ, పీక్ డిస్ట్రిక్ట్ అనే ఈ కొండ ప్రాంతంలో అన్నిటికన్నా ఎత్తైనది అదే. మా చిట్టి ఆరేళ్ల కాకర్ స్పానియల్. పొదల్లో పిట్టల్ని లేపడానికే పుట్టించిన జాతి అది, ఆ విషయం నేను తెచ్చుకున్న రెండేళ్లకి గానీ తెలుసుకోలేదు, చెవులు బాగున్నాయని తెచ్చుకున్నా.

లీష్‌ల దగ్గరికి వెళ్లేముందు ఒక్క మాట. మా అమ్మమ్మ వాళ్లది ఆత్మకూరు వైపు, నల్లమల అంచు. అక్కడ కొండ అంటే కుక్కకి భయం, చిరుత వచ్చి రాత్రిపూట వాకిట్లో కుక్కని ఎత్తుకుపోద్ది అని పెద్దోళ్లు లోపల కట్టేసేవాళ్లు. ఇక్కడ సీన్ మొత్తం తిరగబడింది. ఈ దేశంలో తోడేళ్లు పోయి వందల ఏళ్లయింది, ఎలుగుబంట్లు అంతకంటే ముందే పోయాయి, నక్క ఉంది గానీ అది మనల్ని చూస్తేనే పరిగెత్తుద్ది. అంటే కొండ మీద ఉన్న అన్నిటికంటే పెద్ద వేటజంతువు మనం జాకెట్ తొడిగి, ట్రీట్లు పెట్టి, ట్రైన్‌లో తీసుకొచ్చిన ఈ చిట్టే. గొర్రె కళ్లతో చూస్తే అది చిరుత. ఇది బుర్రలోకి ఎక్కితే లీష్ సంగతి సగం అక్కడే తేలిపోద్ది.

సరే, ముందు ఆ బటన్ లీష్, అంటే పిడిలోంచి దారం సాగుతా వచ్చేది, బటన్ నొక్కితే ఆగేది. అందరూ మొదట కొనేది అదే, నేనూ అదే కొన్నా. ఊళ్లో ఫుట్‌పాత్ మీద పర్లేదు. కొండ మీద మాత్రం ఇంతకన్నా చెత్తది లేదు, అసలు లీష్ లేకపోవడం కన్నా చెత్త అని ఎవరన్నా అంటే కూడా నేను వాదించను, ఎందుకంటే చేతిలో పిడి ఉందిలే అన్న ధీమాతో మనం ఫోన్ చూసుకుంటా నడుస్తాం. ఐదు మీటర్ల దారం, కుక్క ఉరికిందంటే ఆ ఐదు మీటర్లూ అయిపోయేలోపు దానికి మంచి స్పీడ్ వచ్చేసుంటది, చివర్లో పడే ఆ కుదుపుకి పిడి చేతిలో నిలవదు. నాకు అదే అయింది. మార్చి నెల, సన్నటి వాన, చేతులకి గ్లౌజులు, పెద్ద పొలంలోంచి పోయే కాలిబాట. ఏం చూసిందో ఏమో ఒక్క దూకు దూకింది, పిడి జారిపోయింది, ఆ ప్లాస్టిక్ ముద్ద రాళ్ల మీద టకటకా కొట్టుకుంటా దాని వెనకాలే వస్తావుంటే అది ఇంకా బెదిరిపోయి ఇంకా ఉరికింది, ఉరికింది ఎటు, గొర్రెల్లోకి. నల్ల మొహం, తెల్ల మూతి, మెలి తిరిగిన కొమ్ములు, స్వేల్‌డేల్ గొర్రెలంటారు, అన్నీ నిండు చూలు మీద ఉన్నవి. మొత్తం మంద పోయి రాతిగోడ మూలన ఒకదాని మీద ఒకటి ఎక్కేసింది. చిట్టి ఏ గొర్రెనీ కరవలా, నిజం చెప్పాలంటే అది కూడా భయపడి పారిపోతావుంది, కానీ గొర్రెకి ఆ తేడా ఏం తెలుసు.

రైతు క్వాడ్ బైక్ మీద వచ్చాడు. తిడతాడనుకున్నా, తిట్టలా. అదే నాకు ఇంకా ఇబ్బంది అనిపించింది. గొర్రెల్ని ఒక్కొక్కటిగా చూసుకుని "ఇవాళ ఏం కనపడదు, నాకు తెలిసేది ఇంకో వారం పది రోజులకి" అన్నాడు. నాకు అప్పుడు వెలిగింది, మా ఊళ్లో ఈసుకుపోవడం అనే మాట ఉంది కదా, బెదిరిన చూలు జీవాలు నెల నిండకుండానే పిల్లల్ని పడేస్తాయి, ఆయన చెప్తున్నది అదే. నా నంబర్ ఇచ్చొచ్చా. పన్నెండో రోజు ఫోన్ వచ్చింది, రెండు ఈసుకుపోయాయంట. మీ కుక్క వల్లేనని ఆయన అనలా, కాదని నేనూ అనలేకపోయా, డబ్బులు పంపించా. ఆ లీష్ చెత్తబుట్టలో వేశా.

తర్వాత చట్టం చదివితే చెమటలు పట్టాయి. ఇంగ్లండ్‌లో 1953 నాటి చట్టం ఒకటుంది, దాని ప్రకారం గొర్రెలున్న పొలంలో కుక్క తాడు లేకుండా, మన అదుపులో లేకుండా తిరిగితే చాలు, అదే నేరం, కరవక్కర్లేదు, తరమక్కర్లేదు. ఇంక వేరే దారి లేక రైతు కుక్కని కాల్చేసి 48 గంటల్లోపు పోలీసులకి చెప్పాడనుకోండి, మనం పరిహారం కోసం కేసు వేసినా 1971 యానిమల్స్ యాక్ట్ ఆయన వైపే ఉంటది. స్కాట్లండ్‌లో అయితే 2021లో రూల్ ఇంకా బిగించారు, జరిమానా 40,000 పౌండ్ల దాకా, లేదంటే ఏడాది జైలు. హైలండ్స్ ట్రిప్ ప్లాన్ చేసుకునేవాళ్లు ఇది గుర్తు పెట్టుకోండి.

రెండోది పొడుగు తాడు, పది మీటర్లది, ట్రైనింగ్ లైన్ అంటారు. ఇది మంచి వస్తువే, కాకపోతే కొండకి కాదు. పార్కులో కుక్కకి పిలిస్తే రావడం నేర్పడానికి దీన్ని మించింది లేదు, హార్నెస్‌కే, అంటే ఛాతీకి తొడిగే పట్టీకే కట్టాలి, మెడపట్టీకి కడితే చివర్లో మెడ పట్టేస్తది. కొండ మీద హెదర్ అనే పొట్టి పొదలకి చుట్టుకుంటది, రాళ్ల సందుల్లో ఇరుక్కుంటది, మన కాళ్లకి చుట్టుకుంటది, ఉరికినప్పుడు ఒట్టి చేత్తో పట్టుకున్నామంటే అరచేయి కాలిపోద్ది. పైగా రూల్ ఒప్పుకోదు, ఆ రూల్ ఏంటో కింద చెప్తా.

మూడోది, తాడే లేకుండా వదిలెయ్యడం. "మా వాడు పిలిస్తే వచ్చేస్తాడండీ" బ్యాచ్ అన్నమాట. నేనూ ఆ బ్యాచ్‌లో ఏడాది ఉన్నా. చిట్టి పార్కులో చీజ్ ముక్క చూపిస్తే ఎక్కడున్నా వచ్చేసేది. ఒకసారి కిండర్ మీద, చలికాలం, దాని ముక్కు ముందు నుంచి తెల్ల కుందేలు లేచింది, మౌంటెన్ హేర్, ఇంగ్లండ్ మొత్తం మీద ఇవి ఉన్నది ఈ పీక్ డిస్ట్రిక్ట్‌లోనే, చలికాలం మంచు రంగుకి తిరుగుతాయి. చీజ్ లేదు, పేరు లేదు, ఈల లేదు, ఇరవై నిమిషాలు కుక్క లేదు. నాలుక వేలాడేసుకుని వచ్చింది, మొహంలో పశ్చాత్తాపం సున్నా. దాని తప్పు కాదులెండి. చలికాలంలో తిండి సరిగ్గా దొరక్క ఒంట్లో ఉన్న శక్తిని పొదుపు చేసుకుని బతికే జంతువుని మా సరదా కోసం అంతసేపు ఉరికించాం, అది నా తప్పు.

అంతకన్నా పెద్ద సమస్య పిట్టలతో. ఈ కొండల మీద చెట్లు తక్కువ, చాలా పిట్టలు నేల మీదే గుడ్లు పెడతాయి. మన చేలల్లో తీతువు పిట్ట నేల మీద నాలుగు గుడ్లు పెట్టి, మనం దగ్గరికెళ్తే నెత్తి మీద ఎగురుతా గోల చేస్తది చూడండి, దాని చుట్టమే ఇక్కడి ల్యాప్‌వింగ్. ఇంకోటి కర్లూ, ఒంపు తిరిగిన పొడుగు ముక్కుది, ఈ జాతి పక్షులు చలికాలంలో మన పులికాట్ తీరాన కూడా కనపడతాయి. ప్రపంచంలో గూడు పెట్టే కర్లూల్లో సుమారు నాలుగో వంతు ఈ బ్రిటన్‌లోనే పెడతాయి, అదీ ఏటికేడు తగ్గిపోతా ఉన్నాయి. కుక్క గుడ్డుని తొక్కక్కర్లేదు, వాసన చూసుకుంటా ఆ పక్కగా పోతే చాలు తల్లి లేచిపోద్ది, ఈ చలిలో గుడ్లు చల్లారిపోతాయి, లేకపోతే పైనుంచి కాకి చూసేస్తది. మనకి ఇదేం కనపడదు, కుక్క హాయిగా తిరిగిందనుకుని ఇంటికొచ్చేస్తాం. చల్లారిపోయిన గుడ్లు చూసి మనకి ఫోన్ చేసే రైతు కూడా ఉండడు.

అందుకే ఆ రూల్. 2000లో వచ్చిన చట్టం ప్రకారం ఓపెన్ యాక్సెస్ భూమిలో, అంటే బాట వదిలి ఎటైనా నడవొచ్చు అని ఇచ్చిన కొండ భూముల్లో, మార్చి 1 నుంచి జూలై 31 దాకా కుక్కకి రెండు మీటర్లు మించని, సాగని లీష్ ఉండాలి. గొర్రెలూ ఆవులూ దగ్గర్లో ఉంటే ఏడాది పొడుగునా అంతే. గ్రౌస్ పిట్టల వేట కోసం ఉంచిన కొన్ని కొండల్లో అసలు కుక్కకే ఎంట్రీ లేదని బోర్డు ఉంటది, అక్కడ లీష్ ఉన్నా కుదరదు, మధ్యలోంచి పబ్లిక్ ఫుట్‌పాత్ పోతుంటే దాని మీద మాత్రం పోవచ్చు. ఫుట్‌పాత్ మీద లీష్ తప్పనిసరి అని దేశం మొత్తానికి రూల్ లేదు, అదుపులో ఉంటే చాలు అంటారు, కానీ మా చిట్టి లాంటి దానికి లీష్ లేకుండా అదుపు ఏంటి చెప్పండి.

కాబట్టి నాలుగోది, మామూలు రెండు మీటర్ల లీష్. ఇదే మేలు. ధర తక్కువ, పాడయ్యే పార్ట్ లేదు, వానలో తడిస్తే ఆరేస్తే సరి. కుక్క బాట మీదే ఉంటది కాబట్టి గోమార్లు కూడా తక్కువ పడతాయి, ఇక్కడ టిక్ అంటారు, లైమ్ జబ్బు దాంతోనే వస్తది, చిట్టి చెవి వెనకాల నుంచి ఒకసారి ఏడు తీశా. అడర్ అని విషపాము ఒకటుంది, ఎండ రాగానే హెదర్ పక్కన వచ్చి పడుకుంటది, లీష్ ఉంటే కుక్క దాని దగ్గరికి కూడా పోదు.

చేత్తో పట్టుకునేదా, నడుముకి కట్టుకునే బెల్ట్‌దా అని తమ్ముడు అడిగాడు. ఎక్కేటప్పుడు బెల్ట్ స్వర్గం, కుక్క మనల్ని పైకి లాగుతా ఉంటది, చేతులు ఖాళీ, టీ తాగుతా నడవొచ్చు. దిగేటప్పుడు అదే కుక్క అదే లాగుడు లాగితే తడి రాళ్ల మీద మోకాలు పోద్ది. నేను ఎక్కేదాకా బెల్ట్, దిగేటప్పుడు చెయ్యి, ఇలా సర్దుకున్నా. బెల్ట్ కొంటే ఒక్క లాగుకి ఊడొచ్చే క్లిప్ ఉన్నదే కొనండి, ఎందుకో చివర్లో చెప్తా.

"మరి పాపం అది ఎప్పుడు పరిగెత్తాలన్నా" అన్నాడు. న్యాయమైన ప్రశ్నే. దానికి ఇక్కడ చుట్టూ ఎత్తుగా కంచె వేసిన పొలాలు అద్దెకిస్తారు, మా దగ్గర గంటకి పది పన్నెండు పౌండ్లు. మొదట్లో కుక్క పరిగెత్తడానికి వెయ్యి రూపాయల పైన ఏంటిరా బాబూ అనిపించింది, అమ్మకి చెప్తే ఫోన్లో అరనిమిషం మాట్లాడలా. కానీ అక్కడ ఒక గంట వదిలితే కొండ మీద మూడు గంటలు నడిచిన దానికన్నా ఎక్కువ అలిసిపోద్ది, నాకు టెన్షన్ లేదు. నేను వారానికోసారి పొలం, నెలకి రెండుసార్లు కొండ చేస్తున్నా. ఇంక గొర్రెలు ఈనే టైం, ఇక్కడి కొండల్లో మార్చి చివర నుంచి మే దాకా, ఏప్రిల్ మరీ ఎక్కువ, అప్పుడు లీష్ ఉన్నా పిల్లలున్న పొలాల్లోంచి నేను పోను. తల్లి భయపడి పక్కకి పోతే అప్పుడే పుట్టిన పిల్ల దారి తప్పిపోద్ది, రెండు పిల్లలుంటే ఒకటి వెనకబడిపోద్ది. ఆ నెలన్నర మాకు మాంచెస్టర్ కాలువ గట్లే గతి, బాతులుంటాయి, అక్కడా లీషే.

పెంట సంగతి కూడా చెప్పాలి, సిగ్గు పడితే పని కాదు. కొండ మీద ఎవడు చూస్తాడులే అని వదిలేస్తారు కొందరు, ఎరువే కదా అంటారు. మందని చేలో కట్టించుకుని ఎరువు వేయించుకున్న ఊరోళ్లం, గొర్రె పెంటకీ కుక్క పెంటకీ తేడా మనకి ఒకరు చెప్పాలా. కుక్క పెంటలో నియోస్పోరా అనే పరాన్నజీవి ఉండొచ్చు, అది గడ్డితో ఆవు కడుపులోకి పోతే ఆవు ఈసుకుపోద్ది. కవర్లో ఎత్తి, ఆ కవర్ని కంచెకి తోరణంలా కట్టకుండా ఇంటిదాకా మోసుకురండి. నేను డబ్బా ఒకటి బ్యాగుకి బయట తగిలించుకుంటా, వాసన రాదు.

ఇప్పుడు ఆ క్లిప్ ఎందుకంటే, ఆవుల కోసం. గొర్రె కుక్కని చూస్తే పారిపోద్ది, ఆవు మీదకొస్తది, దూడ ఉంటే ఇంకా. ఈ దేశంలో పొలాల్లోంచి నడుస్తా ఆవులు తొక్కి చనిపోయినవాళ్లు ఉన్నారు, వాళ్లలో చాలామంది పక్కన కుక్క ఉండింది. అవి వచ్చేది కుక్క కోసం, మధ్యలో మనం తాడు పట్టుకుని నిలబడతాం, కుక్కని కాపాడదామని ఎత్తుకుంటాం, అప్పుడు మొత్తం మంద మన మీదే. కంట్రీసైడ్ కోడ్ అని పొలాల్లో, కొండల్లో నడిచేవాళ్లకి ప్రభుత్వం ఇచ్చే సూచనలుంటాయి, వాటిలో కూడా ఇదే ఉంటది, ఆవులు మీదకొస్తే కుక్కని వదిలెయ్యమని. ఇంతసేపూ తాడు వదలొద్దు వదలొద్దు అని చెప్పి ఇప్పుడు వదలమంటావేంటన్నా అని తమ్ముడు నవ్వాడు. అవును, ఈ ఒక్కచోటే. ఆవులు కనపడగానే ముందు దూరంగా చుట్టు తిరిగిపో, దూడలుంటే వేరే దారి చూసుకో, అయినా వచ్చేశాయనుకో, క్లిప్ లాగి నువ్వు గేటు వైపు నడువు. నువ్వు గేటు చేరేసరికి అది అవతల నిలబడి నీకోసం చూస్తా ఉంటది.