లో కార్బ్ క్యారియర్ ఐదు నెలలు వాడినాక: నా డబ్బా బాగుంది, పిల్లల డబ్బా మాత్రం చూసి తీసుకోండి

తిరుపతిలో లో కార్బ్ భోజనం, అంటే అన్నం లాంటి పిండిపదార్థాలు బాగా తగ్గించిన భోజనం, వండి ఇంటికి పంపించే క్యారియర్ సర్వీస్ ఒకటి ఐదు నెలలుగా వాడతా ఉన్నా. మా అపార్ట్‌మెంట్‌లోనే నలుగురు అడిగినారు ఎట్లుంది, పిల్లలకి కూడా పెట్టొచ్చా అని, అందుకే వివరంగా రాస్తున్నా. పేరు మాత్రం రాయను, వాళ్ళు ఇంట్లోనే వండి పంపే చిన్నవాళ్ళు, మాకు జరిగిన ఒక ఇబ్బంది కూడా ఇందులో ఉంది. ఊళ్ళో ఇట్లాంటివి ఇంకా ఉన్నాయి, ఎవరి దగ్గర తీసుకున్నా ఈ విషయాలు పనికొస్తాయి.

ముందు నా సంగతి చెప్తా. చిన్నోడు కడుపులో ఉన్నప్పుడు షుగర్ వచ్చింది, కాన్పు అయినాక పోతుందన్నారు, నాకు పోలేదు. పోయిన సంవత్సరం మూడు నెలల సగటు షుగర్ చెప్పే రక్త పరీక్ష హెచ్‌బీఏ1సీ 8.2 వచ్చేసరికి నేనే భయపడి లో కార్బ్ చేస్తానని డాక్టరమ్మని అడిగినా. ఆమె సరే అనింది గానీ మొదటి రోజే షుగర్ తగ్గడానికి వేసుకునే గ్లిమిపిరైడ్ మాత్ర సగానికి తగ్గించింది, అన్నం మానేసి ఆ మాత్ర అట్లే వేసుకుంటే షుగర్ ఒక్కసారిగా కిందికి పడిపోతుందంట. ఇది తెలియకుండా వీడియోలు చూసి మొదలుపెట్టేవాళ్ళు ఉన్నారు, దయచేసి మాత్రలు వేసుకునేవాళ్ళు అడక్కుండా చేయొద్దండి. మనవాళ్ళకి ఇది కొత్త కూడా కాదు కదా, 2018 ప్రాంతంలో వీరమాచనేని గారి డైట్ అని కొబ్బరి నూనె, నిమ్మకాయలు, నాలుగు లీటర్ల నీళ్ళు, ఏ పెళ్ళికి పోయినా అదే మాట, మా పిన్ని కూడా చేసింది. కానీ అప్పుడు మాట్లాడినవాళ్ళందరూ పెద్దవాళ్ళ గురించే మాట్లాడినారు, ఆ ఇంట్లో రెండేళ్ళ పిల్లోడు ఏం తింటాడు అనేది నేను ఎవరి నోటా వినలేదు.

ఇప్పుడు నా డబ్బా. మధ్యాహ్నం ఒక్క పూట, రోజుకి 160 రూపాయలు, ముందు రోజు రాత్రి ఎనిమిది లోపల చెప్పాలి, ఆదివారం ఉండదు. పన్నెండున్నర లోపల గేటు దగ్గరికి వచ్చేస్తుంది, ఐదు నెలల్లో రెండుసార్లే లేటయింది. స్టీలు క్యారియర్‌లో పంపిస్తారు, ప్లాస్టిక్ కాదు, అది నాకు చాలా నచ్చింది. కింద గిన్నెలో కాలీఫ్లవర్ తురిమి వేయించిన అన్నం, మధ్యలో చికెన్ గానీ పనీర్ గానీ గుడ్ల కూర గానీ, పైన ఆకుకూర. చికెన్ ఇగురు మన పక్క రుచే, ధనియాలు తెల్లగడ్డ బాగా దట్టించి, మిరియం ఘాటు గొంతులో నిలబడుతుంది. వంకాయ కూరలో చెనిక్కాయల పొడి వేస్తారు, అదొక్కటే రెండు రోజులు పెట్టినా తింటా. పాలకూర పనీర్ మాత్రం నీళ్ళగా ఉంటుంది, చెప్పినా కూడా మారలేదు. కాలీఫ్లవర్ చల్లారితే ఒక రకమైన వాసన వస్తుంది, డబ్బా రాగానే తినేయాలి. వాళ్ళ తిండితో, నడకతో, డాక్టరమ్మ చెప్పిన మాత్రతో మూడు నెలలకి హెచ్‌బీఏ1సీ 6.7కి వచ్చింది. మొత్తం వాళ్ళ గొప్పే అని అనను, కానీ మధ్యాహ్నం నా కోసం వేరే వంట చేసుకునే పని తప్పింది, ఇద్దరు పిల్లల్ని పెట్టుకుని అది చిన్న విషయం కాదు.

రెండో నెలలో వాళ్ళు పిల్లల డబ్బా కూడా మొదలుపెట్టినారు, 110 రూపాయలు. మా పెద్దదానికి ఐదేళ్ళు, యూకేజీ, చిన్నోడికి రెండు నిండినాయి. ఒకే చోట నుంచి అందరికీ వస్తుంది, పిల్లలు కూడా చక్కెర లేని ఆరోగ్యమైన తిండి తింటారు అనుకుని ఇద్దరికీ కట్టేసినా. ఆరు వారాలు తిన్నారు. నేను ఇప్పటికీ బాధపడేది ఆ ఆరు వారాల గురించే.

ఆ డబ్బాలో ఏముండేదంటే, కాలీఫ్లవర్ ఉప్మా, పనీర్ ముక్కలు, ఒక ఉడకబెట్టిన గుడ్డు, బాదం పిండితో చేసిన చిన్న అట్టు, గుప్పెడు వేయించిన చెనిగ్గింజలు, ఒక షుగర్ ఫ్రీ బర్ఫీ. చూడడానికి రంగురంగులుగా ముద్దొచ్చేది. మూత మీద నా డబ్బాకి ఉన్నట్టే స్టిక్కర్, నెట్ కార్బ్స్ 9 గ్రాములు అని, అంటే పీచు తీసేసి లెక్కేసిన పిండిపదార్థం. నేను ఆ స్టిక్కర్ చూసి సంతోషపడినా, ఆ తొమ్మిది అనేది ఎవరికి మంచిదో ఆలోచించలేదు.

చిన్నోడు కాలీఫ్లవర్ రెండు ముద్దలు మింగి మూడోది నాలుకతో బయటికి తోసి నా అరచేతిలో పెట్టేవాడు, ఏడవడు, గొడవ చేయడు, అంతే, నా చేతిలో పెట్టి దూరంగా పోయేవాడు. సాయంత్రం నాలుగింటికి మా అత్త దగ్గరికి పోయి బొరుగుల డబ్బా చూపించేవాడు. బర్ఫీ తిన్న రోజు నీళ్ళ విరేచనాలు, అది రెండు మూడు సార్లయినాక కవర్ తిప్పి చదివితే మాల్టిటాల్ అని ఉంది, చక్కెర బదులు తీపికి వేసేది, అది ఎక్కువైతే పెద్దవాళ్ళకే కడుపు పాడవుతుంది, ఇంక రెండేళ్ళ కడుపు ఎంత. చెనిగ్గింజలు కూడా తప్పే, నాలుగైదేళ్ళ లోపు పిల్లలకి పల్లీలు, బాదం గింజలు గింజలుగా ఇవ్వకూడదు, గొంతులో ఇరుక్కుంటాయి, పొడి చేసో మెత్తగా నూరో పెట్టాలి. పిల్లల డబ్బా అని పేరు పెట్టినప్పుడు ఈ ఒక్కటి తెలిసుండాలి కదా.

పెద్దదాని విషయం వేరే. నేను వంటింటి గట్టు మీద కిచెన్ స్కేల్ పెట్టుకుని నా తిండి తూచుకుంటా ఉంటా. ఒకరోజు పొద్దున అది స్టూల్ ఎక్కి ప్లేట్లో ఉన్న ఇడ్లీ తీసి ఆ స్కేల్ మీద పెట్టింది, నంబర్ ఆగేదాకా చూసింది, ఇడ్లీ సగం తుంచి పక్కన పెట్టి మళ్ళీ తూచింది. ఇంకో సగం తినమంటే నాకు చాలమ్మా అనింది. ఐదేళ్ళ పిల్ల. నాకు కాళ్ళూ చేతులూ ఆడలేదు.

ఆ వారమే చిన్నోడి టీకా కోసం పిల్లల డాక్టర్ దగ్గరికి పోయినాం, ఆయన గ్రోత్ చార్ట్‌లో చుక్క పెట్టి పోయినసారి చుక్క చూపించినాడు, మూడు నెలల్లో బరువు కదల్లేదు. రెండేళ్ళ నుంచి ఐదేళ్ళ దాకా ఏడాదికి సుమారు రెండు కిలోలు పెరగాలంట. ఏం పెడుతున్నారమ్మా అని అడిగితే డబ్బా సంగతి అంతా చెప్పినా. ఆయన తిట్టలేదు, నిదానంగా చెప్పినాడు. హైదరాబాద్‌లో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ లెక్క ప్రకారం ఏడాది దాటిన పిల్లలకి రోజుకి 130 గ్రాముల పిండిపదార్థం కావాలి, అందులో మధ్యాహ్నం భోజనంలో మీరు 9 గ్రాములు పెడితే మిగతాది ఎప్పుడు తింటాడు అన్నాడు. పెద్దవాళ్ళ లెక్కన ఆలోచించొద్దు, ఈ వయసులో మెదడే ఒంట్లో వచ్చే శక్తిలో పెద్ద భాగం తినేస్తుంది, కడుపేమో చిన్నది, కాలీఫ్లవర్‌తో నింపితే కేలరీలు రాకుండానే నిండిపోతుంది అన్నాడు. మరి పిల్లలకి కూడా కీటో, అంటే పిండిపదార్థం దాదాపు లేకుండా కొవ్వు ఎక్కువుండే తిండి, పెడతారని విన్నాను కదా అంటే, అది మందులకి లొంగని మూర్ఛకి, 1921 నుంచీ ఉన్న వైద్యమే, కానీ ఆస్పత్రిలో మొదలుపెట్టి రక్త పరీక్షలు చేస్తా, డైటీషియన్ గ్రాము గ్రాము లెక్క చూస్తా చేసేది, ఇంట్లో అమ్మ తింటోందని పెట్టేది కాదు అన్నాడు.

ఇంటికొచ్చి మొదట స్కేల్ తీసి అటక మీద పెట్టినా, ఇప్పుడు పిల్లలు స్కూల్‌కి, నిద్రకి పోయినాకే దించుతా. పెద్దదానికి మా అత్త చెప్పింది, అమ్మకి షుగర్ ఉంది కాబట్టి అమ్మ తిండి డాక్టర్ రాసిచ్చిన మందు లాంటిది, ఒకరి మందు ఒకరు వేసుకోం కదా అని. అది పిల్లకి అర్థమయింది. మేం కూడా దాని ముందర అన్నం మంచిది కాదు, లావైపోతారు లాంటి మాటలు పూర్తిగా ఆపేసినాం, మా ఆయనకి అలవాటు తప్పడానికి కొంచెం టైం పట్టింది.

తర్వాత క్యారియర్ ఆమెకి ఫోన్ చేసినా. కోపంగానే చేసినా, నిజం చెప్పాలంటే. ఆమె మొత్తం విని, అక్కా, ఈ డబ్బా నేను అనుకుని పెట్టింది కాదు, మీలాంటి అమ్మలే అడిగినారు, మా పిల్లలకి కూడా అదే పంపండి అని అనింది. నాకు మాట రాలేదు, నేను కూడా ఆ అమ్మల్లో ఒకదాన్నే కదా. రెండు రోజుల తర్వాత ఆమే ఫోన్ చేసి, స్టిక్కర్ తీసేస్తా, బర్ఫీ గింజలు ఆపేస్తా, నూనె మామూలుగానే ఉంచి కారం తగ్గించి కూర మాత్రం పంపిస్తా, అన్నం సంకటి మీ ఇంట్లో పెట్టుకోండి, రేటు 70 ఇవ్వండి అనింది. ఇట్లా విని మార్చుకునేవాళ్ళు తక్కువ, అందుకే మళ్ళీ కట్టినా.

ఇప్పుడు మా ఇంట్లో మధ్యాహ్నం ఇట్లా నడుస్తా ఉంది, కూర అందరికీ ఒకటే, నేను కాలీఫ్లవర్‌తో, పిల్లలు రాగి సంకటి గానీ అన్నం గానీ, పైన నెయ్యి, చివర్లో పెరుగన్నం. చికెన్ ముక్క చిన్నోడికి పీచు పీచుగా విడదీసి సంకటిలో కలిపి పెడితే ఒక్కటి కూడా నా చేతిలో పెట్టలేదు ఇంతవరకు. పొద్దున రాగి జావలో పాలు, బెల్లం కొంచెం. వంద గ్రాముల రాగుల్లో 340 మిల్లీగ్రాములకి పైనే కాల్షియం ఉంటుంది, పిల్లలకి ఇంతకంటే ఏం కావాలి. కానీ ఒక మాట, రాగి ముద్ద షుగర్ ఉన్నవాళ్ళు ఎంతైనా తినొచ్చు అనుకుంటారు మన జిల్లాలో, వంద గ్రాముల పిండిలో 65 గ్రాముల పైనే పిండిపదార్థం ఉంటుంది, నేను మా అత్త చేసిన సంకటి వాసన చూసి కూడా వదులుకుంటున్నా, అదే పిల్లలకి మాత్రం నిండుగా పెడుతున్నా. కొండ మీద నుంచి ఎవరైనా లడ్డు తెస్తే నేను చిటికెడు కళ్ళకద్దుకుని నోట్లో వేసుకుంటా, మిగతాది పిల్లలు తింటారు. మామిడికాయల కాలంలో బేనిషా పండ్లు కూడా అంతే, వాళ్ళ వాటా వాళ్ళది. ఒకే ఒక్క రూల్ అందరికీ, కూల్ డ్రింకులు, బేకరీ సరుకు ఇంట్లోకి రావు.

రెండు నెలలకి చిన్నోడు ఆరు వందల గ్రాములు పెరిగినాడు. పెద్దది రెండు ఇడ్లీలు తిని మూడోది అడుగుతోంది, ఊరిబిండి పచ్చడి ఉంటే ఇంకా.

నా డబ్బాకి ఐదుకి నాలుగు ఇస్తా, పాలకూర పనీర్ బాగు చేస్తే నాలుగున్నర. పాత పిల్లల డబ్బాకి ఒకటి, అది కూడా గుడ్డు ఉంది కాబట్టి. ఇప్పుడు పంపే కూరకి నాలుగు. కట్టే ముందు పిల్లల వయసు ఎంతో వాళ్ళకి చెప్పండి, గింజలు వద్దని చెప్పండి, స్వీట్ ఏదైనా పంపితే అందులో ఏం వేసినారో కవర్ చూసి చదవండి. క్యారియర్ మూతలు మాత్రం బిర్రుగా ఉంటాయి, పిల్లలు తీయలేరు, స్కూల్‌కి పంపాలంటే వేరే డబ్బాలోకి మార్చి పంపండి.