మెట్‌ఫార్మిన్ పడకపోతే: మానేయాలా, మోతాదు తగ్గించాలా, ఎస్ఆర్‌కు మారాలా?

షుగరు కొత్తగా బయటపడి మెట్‌ఫార్మిన్ మొదలుపెట్టినవాళ్లు అడిగేది దాదాపు ఒకటే. "మాత్ర వేసుకున్నప్పటి నుంచి కడుపు తిప్పుతోంది, విరేచనాలు ఆగడం లేదు, నోట్లో ఇనుము నాకినట్టుంది. మానేయమంటారా?" మా అమ్మా నేనూ ఈ మందే వాడుతున్నాం కాబట్టి ఆ బాధ నాకు తెలుసు. అయినా మానేయమని చెప్పలేను.

ఈ ఇబ్బందులు చాలామందిలో రెండు మూడు వారాల్లో వాటంతటవే సర్దుకుంటాయి. మధ్యలో ఆపేసి, పది రోజుల తర్వాత మళ్లీ అదే మోతాదుతో మొదలుపెడితే కడుపు కథ మొదటికొస్తుంది. పైగా ఇది ఊరికే వదులుకునే మందు కాదు. 1957లో ఫ్రాన్సులో వైద్యానికి వచ్చిన దగ్గరి నుంచి ఇప్పటికీ నిలిచింది. చవక, బరువు పెంచదు, వేరే షుగరు మందులు కలపకుండా ఇదొక్కటే వాడితే షుగరును ప్రమాదకరంగా పడగొట్టడం అరుదు.

ఇక మిగిలినవి రెండు: మోతాదు తగ్గించి మెల్లగా పెంచడం, లేదా నెమ్మదిగా కరిగే ఎస్ఆర్ రకానికి మారడం. ఎస్ఆర్ మేలైనదే. మందు కొద్దికొద్దిగా విడుదలవుతుంది కాబట్టి కడుపు మీద భారం తక్కువ, చాలామందికి రాత్రి భోజనంతో ఒక్కసారి వేసుకుంటే సరిపోతుంది. నమిలి, నలిపి మాత్రం మింగకూడదు. కొన్ని రకాల్లో మందంతా దిగిపోయాక మెత్తబడిన పైపొర మలంలో కనిపిస్తుంది. అది చూసి మాత్ర అరగలేదని కంగారుపడి ఇంకొకటి వేసుకోకండి.

కానీ నా దృష్టిలో అసలు తేల్చేది మాత్ర రకం కాదు, మోతాదు పెంచిన వేగం. ఎస్ఆర్ అయినా నేరుగా 1000 మిల్లీగ్రాములతో మొదలుపెడితే కడుపు తిప్పవచ్చు. మామూలు రకమే అయినా 500తో మొదలుపెట్టి, కడుపు కుదురుకున్నాక వారానికో మెట్టు ఎక్కితే చాలామంది నిలదొక్కుకుంటారు. అందుకే ముందుగా డాక్టరును అడగాల్సింది "వేరే మందు రాయండి" అని కాదు, "కొన్నాళ్లు 500తో ఉండి తర్వాత పెంచుకోవచ్చా?" అని. దానికీ లొంగకపోతే అప్పుడు ఎస్ఆర్.

వేసుకునే వేళ కూడా ఇందులో భాగమే. పరగడుపున అసలు వద్దు. "భోజనం తర్వాత" అంటే చెయ్యి కడుక్కుని, టీవీ చూసి, గంటకు గుర్తొచ్చినప్పుడు కాదు. మా అమ్మ చారన్నం అయ్యాక, పెరుగన్నం కలుపుకునే ముందు మాత్ర మింగుతుంది. కింద అన్నం, పైన పెరుగన్నం, మధ్యలో మందు. ఆ ఒక్క మార్పుతోనే వికారం బాగా తగ్గింది.

ఇంకో సంగతి. స్ట్రిప్ వెనక చిన్న అక్షరాలు చదవండి. మన దగ్గర రెండు మూడు మందులు కలిపిన మాత్రలే ఎక్కువగా రాస్తారు. మెట్‌ఫార్మిన్‌తో పాటు వోగ్లిబోస్ అనే షుగరు మందు ఉంటే కడుపుబ్బరం, గ్యాసు దానివీ కావచ్చు. గ్లిమిపిరైడ్ అనే మరో షుగరు మందు ఉంటే వణుకు, చెమటలు షుగరు పడిపోతున్న గుర్తులు కావచ్చు. ఆ వణుకు, చెమటలను మెట్‌ఫార్మిన్ పడకపోవడమేలే అని కొట్టిపారేయకూడదు.

అల్లం, నిమ్మరసం, వాంతుల మాత్ర ఆ పూటకు ఉపశమనమే తప్ప ఇంకేమీ కాదు.

ఒక్క సందర్భంలో మాత్రం ఓపిక పట్టమని అనను. మంచినీళ్లు కూడా ఇమడనంతగా వాంతులు, విరేచనాలు పట్టుకుంటే ఆ రోజే డాక్టరుకు ఫోను చేయండి. ఒంట్లో నీరు తగ్గితే కిడ్నీలు మందును సరిగా బయటికి పంపలేవు, సాధారణంగా అప్పుడు కొన్నాళ్లు ఆపమంటారు. కిడ్నీ జబ్బు ముందే ఉన్నవాళ్లు క్రియాటినిన్ పరీక్ష (కిడ్నీల పనితీరు తెలిపే రక్తపరీక్ష) లేకుండా మొదలుపెట్టనే కూడదు.

ఇన్నాళ్లూ బాగానే పడిన ఎస్ఆర్ మాత్ర ఉన్నట్టుండి కడుపు చెడగొడితే కొత్త స్ట్రిప్‌ను పాత దాని పక్కన పెట్టి చూడండి. మందుల షాపులో వేరే కంపెనీది ఇచ్చినప్పుడు పేరు చివర ఎస్ఆర్ అనే అక్షరాలు ఉన్నాయో లేదో అక్కడే తేలుతుంది. అవి ఉండి కూడా బాధ తగ్గకపోతే కారణం మాత్ర కాకపోవచ్చు, డాక్టరుకు చూపించండి.