పదమూడో చలికాలంలో నా రేడియో

2012 వేసవిలో ఇక్కడ అమెరికాలో, మిషిగన్ రాష్ట్రంలోని ఒకెమస్‌లో, ఇంటి ముందే పాత సామాను అమ్మే ఒక గరాజ్ సేల్‌లో ఈ రేడియోను 8 డాలర్లకు కొన్నాను. ఆరు పెద్ద సెల్స్ పడతాయి, పైన పట్టుకునే పిడి, చేత్తో తిప్పే ముల్లు. అప్పటికే పాతది, ఇప్పుడు కొత్తది ఎక్కడా దొరకదు. అందుకని స్పీకరు సైజు, ఎఫ్ఎం నాణ్యత లాంటివి వదిలేస్తున్నాను. నేను రాయదలుచుకున్నది ఒక్క సంగతి: చలికాలం రాత్రిపూట ఇందులో ఏఎం, అంటే మన మీడియం వేవ్, పలికే తీరు. నా 75 ఏళ్ళలో చాలా రేడియోలు విన్నాను. ఏదీ నన్ను ఇంతగా కట్టిపడేయలేదు.

మిషిగన్‌లో డిసెంబరు వస్తే సాయంత్రం ఐదింటికే చీకటి. బయట మంచు, లోపల అబ్బాయికీ కోడలికీ ఆఫీసు కాల్స్. నాకు మాత్రం ఆ చీకటి కోసమే పొద్దుటి నుంచి ఎదురుచూపు. పగలంతా రెండు మూడు స్థానిక స్టేషన్లు తప్ప ఏమీ పలకని రేడియో, ఐదున్నర దాటిందంటే ఒక్కో ఊరే తలుపు తీసినట్టు తెరుచుకుంటుంది. 650 కిలోహెర్ట్జ్‌లో నాష్‌విల్, 700లో సిన్సినాటి, 720లోనూ 780లోనూ షికాగో, 740లో టొరంటో నుంచి పాతకాలపు పాటలు, 1120లో సెయింట్ లూయీ. ఎండ ఉన్నంతసేపూ ఆకాశంలో ఒక పొర ఈ తరంగాలను మింగేస్తుంది. పొద్దు గుంకగానే అది పోతుంది, దానిపైనున్న పొర వాటిని మళ్ళీ నేలకు తిప్పికొడుతుంది. చలికాలంలో రాత్రులు పెద్దవి, ఉరుములు తక్కువ. అందుకే మిగతా ఏడాదంతా ఒక ఎత్తు, ఈ నాలుగు నెలలూ ఒక ఎత్తు.

మొదటి చలికాలంలో జరిగింది చెప్పాలి. గుడివాడలో ఉన్నన్నాళ్ళూ విజయవాడ కేంద్రం 837 మీద వినేవాణ్ణి. చెయ్యి ఆ అలవాటుతోనే ముల్లును అక్కడికి తీసుకెళ్ళింది. మన దగ్గర మీడియం వేవ్ స్టేషన్లకు మధ్య ఎడం 9 కిలోహెర్ట్జ్, ఇక్కడ 10. కాబట్టి ఇక్కడ 837 అనేదే లేదు. ఇంటి నుంచి తెచ్చుకున్న చిన్న డిజిటల్ రేడియో 9 చొప్పున గెంతుతూ ఇక్కడి స్టేషన్ల మీద సరిగ్గా ఆగేది కాదు. ఈ ముల్లుకు ఆ ఇబ్బంది లేదు. 837 దగ్గర నుంచి వెంట్రుకవాసి జరిపితే 840లో లూయీవిల్ స్టేషన్, పక్క వీధి నుంచి మాట్లాడుతున్నంత దగ్గరగా వినిపించింది. అట్లాసు తీసి చూస్తే, మధ్యలో ఇండియానా రాష్ట్రం మొత్తం ఉంది. మా ఆవిడను నిద్ర లేపి మరీ వినిపించాను.

ఇక ఆ స్టేషన్లలో ఏం వస్తుందన్నది. ఎక్కువగా మాటలే, అందులోనూ రాజకీయాలే. వివాదం ఉన్న విషయం మీద మాట్లాడితే రెండో పక్షానికీ చోటివ్వాలని 1949 నుంచి అమెరికాలో ఒక రూలు ఉండేది. 1987లో తీసేశారు. మరుసటి ఏడాదే ఒకే పక్షం తరఫున మాట్లాడే రష్ లింబా రాజకీయ కార్యక్రమం దేశమంతా మొదలైంది, ఆ తర్వాత ఆ దారిలో ఎందరో వచ్చారు. మన దేశంలో ప్రైవేటు ఎఫ్ఎంలు సొంతంగా వార్తలే చెప్పకూడదు, ఆకాశవాణి బులెటిన్ మాత్రమే వినిపించాలి. ఆ పద్ధతిలో పెరిగినవాడికి, గంటల తరబడి ఒకే పార్టీని ఏకిపారేసే రేడియో కొత్త. మొదట ఇంగ్లీషు చెవికి అలవాటు పడుతుందని విన్నాను. తర్వాత వదల్లేకపోయాను.

మా ఇంట్లోనూ ఆ గీత ఉంది. 2016 అధ్యక్ష ఎన్నికల్లో మిషిగన్ ఫలితం 10,704 ఓట్ల తేడాతో తేలింది. ఆ నవంబరులో థాంక్స్ గివింగ్ పండక్కి అందరం ఒకే బల్ల చుట్టూ కూర్చున్నాం. అబ్బాయి ఒక పక్షం, ఒహాయో నుంచి వచ్చిన అల్లుడు ఇంకో పక్షం. పులిహోర వడ్డించేలోపే మాట పెరిగింది, అల్లుడు చెయ్యి కడుక్కుని లేచిపోయాడు. అప్పటి నుంచి పండక్కి ఆ ఊసు ఎత్తకూడదని మా అమ్మాయి కట్టడి పెట్టింది. ఇంట్లో ఆగిపోయిన ఆ మాటలన్నీ నాకు రాత్రి రేడియోలో వినిపిస్తాయి. ముల్లు ఇటు తిప్పితే అబ్బాయి వాదన, అటు తిప్పితే అల్లుడి వాదన. ఎవరు పూర్తిగా ఒప్పో నేను ఇప్పటికీ తేల్చుకోలేదు. కానీ ఇద్దరి భయమూ ఏమిటో నాకు అర్థమైంది. అది ఈ రేడియో వల్లే.

దీని అసలు విలువ మాత్రం 2013లో తెలిసింది. డిసెంబరు 21, శనివారం రాత్రి వాన మొదలైంది. పడ్డ చినుకు పడ్డట్టే గడ్డకట్టింది. తెల్లారేసరికి చెట్లకు, తీగలకు గాజు పోత పోసినట్టు ఐసు. కొమ్మలు విరిగి లైన్ల మీద పడుతుంటే తుపాకీ పేలినట్టు చప్పుడు. కరెంటు పోయింది. మా పక్కనున్న లాన్సింగ్ నగరం చుట్టుపక్కల ఎంతోమందికి క్రిస్మస్ చీకట్లోనే గడిచింది, కొందరికి వారం దాటినా రాలేదు. మాకు ఆరో రోజున వచ్చింది.

హాల్లో కట్టెల పొయ్యి ఉండబట్టి బతికాం. మా ఆవిడ, అబ్బాయి, కోడలు, ఏడేళ్ళ మనవడు, నేను, ఐదుగురం అక్కడే పడక. ఇంటర్నెట్ లేదు, ఫోన్లకు చార్జింగు కార్లోనే. పలికింది ఈ రేడియో ఒక్కటే. ఏడాది పొడుగునా ఒక పార్టీని తిట్టిపోసే మధ్యాహ్నం కార్యక్రమం ఒకటి ఉండేది. అందులో రాజకీయం ఒక్కసారిగా ఆగిపోయింది. ఏ పెట్రోలు బంకు తెరిచి ఉంది, ఏ హోటల్లో గదులున్నాయి, ఎక్కడ వెచ్చగా కూర్చోవచ్చు, ఇవే కాల్స్. రోజూ ఫోన్ చేసి గొంతు చించుకునే ఒక పెద్దమనిషి గొంతు నేను గుర్తుపట్టాను. తన దగ్గర ఇంకో జనరేటరు ఉందని, ఆక్సిజన్ మిషను మీద ఉన్నవాళ్ళెవరికైనా కావాలంటే తనే తెచ్చి పెడతానని చెప్పాడు.

మూడో రోజుకు జనంలో కోపం మొదలైంది. మా వీధిలోకి వచ్చిన కరెంటు కంపెనీ బండి మా ఇంటి ముందు నుంచే వెళ్ళిపోయింది, ఎందుకు? పక్కింటికి వెలుగు వచ్చింది, మాకేది? ఈ ప్రశ్నలకు జవాబు నాకు తెలుసు. గుడివాడలో 34 ఏళ్ళు లైన్ల మీదే పనిచేశాను. "ఆ సంగతేదో మీరే చెప్పొచ్చుగా మావయ్యగారూ" అంది కోడలు. "ఈ వయసులో నాన్నకెందుకు టెన్షన్" అన్నాడు అబ్బాయి. కోడలే ఆ కార్యక్రమం నంబరు కలిపి ఫోన్ నా చేతికిచ్చింది. ముప్ఫై అయిదు నిమిషాలు లైన్లో ఉంచారు. చివరికి ఒకమ్మాయి వచ్చి, గదిలో రేడియో ఉంటే దూరంగా వెళ్ళమంది. ఓవర్‌కోటు వేసుకుని, చలికి బిగుసుకుపోయిన వంటింట్లోకి వెళ్ళి నిలబడ్డాను.

చెప్పాను. ముందు సబ్‌స్టేషను నుంచి వచ్చే పెద్ద లైన్లు చూస్తారు, తర్వాత వీధి లైన్లు, ఇంటికి వచ్చే సర్వీసు తీగ ఆఖరున. ఇంటి గోడకున్న సర్వీసు పైపు ఊడిపోతే అది ఇంటివాళ్ళే ఎలక్ట్రీషియన్ చేత బాగుచేయించుకోవాలి, ఆ తర్వాతే తీగ కలుపుతారు. కాబట్టి ఇప్పుడే టార్చి తీసుకుని బయటికి వెళ్ళి మీ పైపు నిటారుగా ఉందో లేదో చూసుకోండి. కింద పడ్డ తీగను చచ్చిన తీగ అనుకోవద్దు, దగ్గరికి వెళ్ళొద్దు. నిమిషంన్నర మాట్లాడి ఉంటాను. గాలిలోకి వెళ్ళే మాటను వాళ్ళు కొన్ని సెకన్లు ఆపి వదులుతారట. ఫోన్ పెట్టేసి హాల్లోకి వచ్చేసరికి రేడియోలో నా గొంతే ఇంకా మాట్లాడుతోంది. మనవడు నన్నూ రేడియోనూ మార్చి మార్చి చూశాడు. "తాతయ్యా, నువ్వు రెండు చోట్ల ఉన్నావు" అన్నాడు.

గంట తర్వాత ఒకావిడ ఫోన్ చేసి, ఇందాక మాట్లాడిన పెద్దాయన మాట విని వెళ్ళి చూశానని, మా పైపు వంగిపోయి ఉందని, ఎలక్ట్రీషియన్‌ను పిలిచానని చెప్పింది. నేను ఈ దేశంలో ఒకరికి పనికొచ్చానని అనిపించిన మొదటి రోజు అది. ఇది కూడా రాయాలి కనుక రాస్తున్నాను: మర్నాడు ఇంకొకాయన, ఆ ముసలాయన కంపెనీ తరఫు మనిషి అన్నాడు. అక్కడి నుంచి తప్పు ఎవరిదన్న గొడవ, సాయంత్రానికి ఏ పార్టీదన్న గొడవ. పోయిన రాజకీయం నాలుగు రోజుల్లో తిరిగొచ్చింది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచెత్తినప్పుడు నాకు 28 ఏళ్ళు. అవనిగడ్డ వైపు స్తంభాలు నిలబెట్టడానికి వెళ్ళిన మా ముఠాకు ఒక్క ట్రాన్సిస్టరు ఉండేది. విజయవాడ కేంద్రం చెప్పిందే వార్త. నెమ్మదైన గొంతు, తిట్లు లేవు. కానీ కళ్ళ ముందు చూస్తున్న లైన్‌మన్ ఫోన్ చేసి ఒక మాట చెప్పే వీలూ లేదు. ఇక్కడ గొడవా ఉంది, ఆ వీలూ ఉంది. వంటింట్లో నిలబడి మాట్లాడినవాడిగా, నాకు ఆ వీలు ముఖ్యం.

పైన పక్క వీధి నుంచి మాట్లాడుతున్నంత దగ్గరగా అన్నాను. అది నిజమే, కానీ ఎప్పుడూ అలా ఉండదు. గొంతు అలలా లేస్తుంది, పడిపోతుంది. పది నిమిషాలు విన్న వాదనలో అసలు మాట దగ్గరే ములిగిపోవడం మామూలు. ముల్లు చూపించే అంకె నిజం అంకెకు ఒక గీత పక్కన ఉంటుంది, చెవితోనే పట్టుకోవాలి. వాల్యూమ్ తిప్పితే బరబరమంటుంది, రెండేళ్ళకోసారి లోపల శుభ్రం చేయాలి. ఊరికో గొంతు అని మురిసిపోయాను కదా, ఇప్పుడు కొన్ని రాత్రుళ్ళు మూడు ఊళ్ళ స్టేషన్లు తిప్పినా మూడింటిలోనూ ఒకే మనిషి, ఒకే కార్యక్రమం. న్యూయార్క్ 880లో 1967 నుంచి సాగిన రోజంతా వార్తలు 2024 ఆగస్టులో ఆగిపోయాయి, అది క్రీడల స్టేషన్ అయింది. నాకు మసగ్గా వచ్చేది, అయినా వెతికేవాణ్ణి. అబ్బాయి కొత్త ఎలక్ట్రిక్ కారులో అసలు ఏఎమ్మే లేదు.

అన్నిటికన్నా పెద్ద బాధ పండగ దీపాలతో. ఏడెనిమిదేళ్ళ క్రితం వరండాకు కొత్త ఎల్ఈడీ దీపాల దండలు కొన్నారు. వెలిగించిన రోజున నా రేడియో మొత్తం తేనెపట్టులా జుమ్మంది, 840 లేదు, 700 లేదు. సెట్టు చెడిపోయిందనుకుని విప్పి కూర్చున్నాను. రెండు రోజులకు గాని తెలియలేదు, ఆ దండల అడాప్టర్లు ఏఎమ్‌ను చెరిపేస్తున్నాయని. ఫోన్ చార్జర్లలో కొన్ని కూడా అంతే. పిల్లల పండగ దీపాలు తీసేయమని ఎలా చెప్పను? కోడలే గమనించి రాత్రి పదింటికి ఆరిపోయేలా టైమరు పెట్టింది. పదింటి దాకా రేడియో ప్లగ్గు తీసేసి సెల్స్ మీద, వెనక కిటికీ దగ్గర వింటాను. రేడియోను పక్కకు కొద్దికొద్దిగా తిప్పుతూ పోతే ఒక కోణంలో రొద తగ్గి మాట తేలుతుంది.

కాబట్టి దీన్ని అందరూ కొనుక్కోండని చెప్పలేను. నాకు నిద్ర తక్కువ, తీరిక ఎక్కువ. 2019లో మా ఆవిడ పోయాక రాత్రిళ్ళు గదిలో ఒక మనిషి గొంతు కావాలి. ఇల్లు నిండా అడాప్టర్లు ఉన్న అపార్టుమెంటులో ఇది పలుకుతుందని హామీ ఇవ్వను. రాజకీయాలు వింటే బీపీ పెరిగేవాళ్ళకు టొరంటో పాటల స్టేషన్ ఒక్కటే చెప్తాను. గరాజ్ సేల్‌లో ఇలాంటి పాతది కనిపిస్తే ముందు సెల్స్ పెట్టే అర తెరిచి తుప్పు ఉందేమో చూడండి. పగలు ఏమీ వినిపించలేదని పక్కన పెట్టేయకండి. ఇంటికి తెచ్చి, చీకటి పడ్డాక, ముల్లు మెల్లగా తిప్పండి.